హచ్చొళ్ళి చేలో లేజరు పళ్ళెం

ఆ అబ్బాయి వరిచేలోకి దిగడం చూసి ప్రసన్నలక్ష్మి మొదట ట్రాన్స్‌ఫార్మరు దొంగ అనుకుంది. ఇంకోసారి చూసి పిచ్చివాడేమో అనుకుంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, బూట్లు లేసులు ముడేసి మెడలో వేసుకున్నాడు, తల మీద హెల్మెట్ మాత్రం అలాగే ఉంది. బండి దిగాక కూడా హెల్మెట్ పెట్టుకుని చేలో నడిచేవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

ఎవరో ఏమిటో తేల్చుకునేలోగా మంచె మీదున్న కూతురు మనోజ్ఞ వడిసెల తిప్పి వదిలింది. మట్టిబెడ్డ పోయి హెల్మెట్‌కు టంగుమని తగిలింది.

ప్రసన్నలక్ష్మి గట్టు మీదే ఆగిపోయింది. ఆమెకు ఏ సంగతైనా జరగకముందే చివరిదాకా కనిపిస్తుంది. పోలీసు జీపు, సిరుగుప్ప స్టేషను, కోర్టు, బోనులో కూతురు, ఆ తర్వాత ఆ పిల్లను చేసుకునేవాడెవడు అన్న ప్రశ్న, అన్నీ గబగబా కళ్ళముందు తిరిగిపోయాయి.

అబ్బాయి హెల్మెట్ తీసి, బెడ్డ తగిలిన చోటు తడిమి చూసుకున్నాడు.

"దీన్ని తీసేకి ఎందుకో మనసు రాలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది మేడమ్," అన్నాడు.

"యాడికి పట్టకపోతాండావు తాడుకుండే ఆ పళ్ళేన్ని?" అంది మనోజ్ఞ మంచె మీద నుంచే.

"ఇంకా పట్టుకోల్యా. చూస్తాండా."

"చూసేదానికి చేలోకి దిగాల్నా?"

"రోడ్డు మీద పోతాంటే కండ్లల్లో కొట్టింది. బండి ఆపి చూస్తే ఇది. నేను కల్లో కూడా అనుకోల్యా, ఇది ఇట్ల వరిచేలో ఉంటాదని."

అతను చూపించింది చేను నడుమ రెండు వెదురుగడలకు కట్టిన తాడు. పిట్టలు రాకుండా ఈ కోస్తావాళ్ళ క్యాంపు రైతులంతా పాత సీడీలను దారాలకు కట్టి చేలల్లో వేలాడదీస్తారు. గాలికి అవి తిరిగి తళుక్కుమంటే పిట్టలు బెదురుతాయి. మనోజ్ఞ వాళ్ళ చేలో ఆ చిన్న సీడీల మధ్య ఒకటి మాత్రం అన్నం తినే పళ్ళెమంత ఉంది. అది తిరిగితే పక్క చేలోవాళ్ళు కూడా కళ్ళు మూసుకోవలసిందే.

గడ్డి కోస్తున్న కూలిమనిషి హులిగెమ్మ కొడవలి పట్టుకుని దగ్గరికి వచ్చి, "యారప్పా నీను?" అని అతనెవరో కన్నడంలో అడిగింది. అబ్బాయి ఆమెకు కన్నడంలోనే జవాబు చెప్పి, ప్రసన్నలక్ష్మి వైపు తిరిగి మళ్ళీ తెలుగులో చెప్పాడు. పేరు ప్రవీణ్‌కుమార్. ఊరు బళ్ళారి. కుడతిని పవర్ ప్లాంటులో ఇంజనీరు. హచ్చొళ్ళిలో తోటి ఉద్యోగి గృహప్రవేశానికి వచ్చాడు.

"మరి భోజనం చేసి పోకుండా మా చేలో ఏంటి నాయనా పని?" అంది ప్రసన్నలక్ష్మి. ఆమెకు కోపం వస్తే పుట్టింటి కోస్తా మాట వస్తుంది, భయం వేస్తే ఇక్కడి మాట వస్తుంది.

"ఇది లేజర్ డిస్కు అమ్మా. వీడియో డిస్కుల్లో పెద్దక్క. మనం చూసిన వీసీడీలు, డీవీడీలు అన్నీ దీని తర్వాత పుట్టిన చెల్లెళ్ళు. దీన్ని ఆడించే మిషను మా ఇంట్లో ఉండాది. డిస్కు ఒక్కటీ ల్యాదు. మీ దగ్గర మిషను ల్యాకుండా డిస్కు ఉండాది."

"ఇంతకీ అక్కను అడిగేకి వచ్చినావా, చెల్లెళ్ళను కూడా ఏసుకొని పోతావా?" అంది మనోజ్ఞ.

"అక్క చాలు."

"గింజ పాలుపోసుకుంటాండాది. ఈ పొద్దు నీకు డిస్కు ఇస్తే రేపు గిజిగాళ్ళను పిలిచి బంతి భోజనం పెట్టినట్టు."

"ఇట్లే వదిలిపెడితే ఎండకు పోతాది మేడమ్. ఇప్పటికే ఒక పక్క గీతలు పడినాయి."

మనోజ్ఞ వడిసెల మడిచి నడుముకు చెక్కుకుంది. ఆమె అగ్రికల్చర్ డిగ్రీ చదివి, వాళ్ళ పొలమంతా తానే చూసుకుంటోంది. తండ్రి చెన్నకేశవరావు సలహా అడిగితే "చూద్దాంలే" అంటాడు, తల్లిని అడిగితే ఆవిడకు ఏడుపు తన్నుకొస్తుంది. అందుకని ఎవరినీ అడక్కుండా బేరాలు చేయడం ఆమెకు అలవాటైపోయింది.

"సరే, దించు. అయితే దాని పని నువ్వు చెయ్యాల."

"అంటే?"

"దాని బదులు మెరిసేవి ఏమన్నా తెచ్చి కట్టు. నీకు సెలవున్న దినం వచ్చి మంచె మీద నిలబడి పిట్టలు తోలు. డిస్కు మా ఇంట్లో భద్రంగా ఉంటాది. కోత అయినాక తీసుకపో."

అబ్బాయి ఒక్కసారి డిస్కును చూశాడు, ఒక్కసారి మనోజ్ఞను చూశాడు. రెండో చూపు కాస్త ఎక్కువసేపు నిలిచింది. ప్రసన్నలక్ష్మి అది గమనించి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"హుడుగ ఛొలో అదానమ్మా," కుర్రాడు బాగున్నాడమ్మా అని హులిగెమ్మ ఆమె చెవిలో చెప్పింది.

"నువ్వు గడ్డి కొయ్యి," అంది ప్రసన్నలక్ష్మి.

* * *

ప్రసన్నలక్ష్మి ఆ డిస్కును తన పాత పట్టుచీరలో చుట్టి బీరువాలో పడుకోబెట్టింది. పరాయివాడి ఆశ ఇంట్లో ఉంటే ఏ అరిష్టమోనని దాని మీద చిటికెడు పసుపు కూడా చల్లబోతే మనోజ్ఞ చెయ్యి పట్టుకుని ఆపింది.

భయానికి కారణం లేకపోలేదు. కోత కాగానే కారటగి నుంచి రైసుమిల్లు వాళ్ళు పిల్లను చూడడానికి వస్తున్నారు. క్యాంపు వాళ్ళు క్యాంపు వాళ్ళతోనే వియ్యమందుతారు. కోస్తా నుంచి ఈ కాలువ నీళ్ళ కోసం వచ్చి స్థిరపడిన తాతల నాటి నుంచీ అంతే. ఇప్పుడు ఈ బళ్ళారి పిల్లాడు, ఉండాది పోతాది అనేవాడు, సెలవుల్లో వచ్చి మంచె ఎక్కుతానంటున్నాడు. కారటగి వాళ్ళ చెవిన పడితే?

"పిట్టలు తోలేకి వస్తాడంతే కదా. చూద్దాంలే," అన్నాడు చెన్నకేశవరావు.

అతను నిజంగానే వచ్చాడు. వాళ్ళ నాన్న హంపన్నకు బళ్ళారి కౌల్ బజారులో ఒకప్పుడు డిస్కుల అంగడి ఉండేదట. టీవీ, ప్లేయరు, సినిమాలు కలిపి ఒక పూటకు బాడుగకిచ్చేవాడట. ఆ అంగడిలో మిగిలిపోయిన వీసీడీలను ప్రవీణ్ గోనెసంచి నిండా తెచ్చి, చేనంతా కట్టాడు. చేను పెళ్ళిపందిరి లాగా మెరిసింది. ప్రసన్నలక్ష్మికి ఆ పోలిక తోచినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ రోజు నుంచి అతనికి సెలవు వచ్చినప్పుడల్లా ఆమె కూడా చేనికి వెళ్ళి మంచె కింద కూర్చునేది. కాపలాకు అని ఎవరికీ చెప్పలేదు. చిక్కుడుకాయలు తుంచుకోవడానికి గాలి బాగుంటుందని చెప్పింది. పైన మాటలు కిందికి స్పష్టంగా వినిపించేవి.

"ఈ సంచిలో అన్నిటి మీదా మూడో భాగం అనే ఉండాదేంది?" అంది మనోజ్ఞ ఒకరోజు.

"వీసీడీలో సినిమా మొత్తం పట్టేది కాదు. ముక్కలు చేసి రెండు, మూడు డిస్కుల్లో ఇచ్చేవాళ్ళు. మొదటివి రెండూ ఆడీ ఆడీ పోయినాయి. మూడోవి కొత్తగా ఉండాయి."

"యాల?"

"మూడోది పెట్టేలోపల కరెంటు పొయ్యేది. మా బజారులో సగం మందికి ఏ సినిమా క్లైమాక్సూ తెల్వదు."

"అందుకని పవర్ ప్లాంటులో చేరితివా?"

"ఇంటర్వ్యూలో ఈ జవాబు చెప్పింటే ఇంకా తొందరగా ఉద్యోగమిచ్చేవాళ్ళు," అన్నాడతను. అప్పుడు ఇద్దరూ నవ్వారు. కింద ప్రసన్నలక్ష్మికి కూడా నవ్వొచ్చి, చిక్కుడుకాయను నోట్లో పెట్టి కొరికింది.

ఇంకోరోజు మనోజ్ఞ పెద్ద డిస్కు సంగతి అడిగింది.

"మా తాత దగ్గర గ్రామఫోను పళ్ళేలు ఉండేవి. సూది గీకి గీకి అరిగిపోయినాయి. అది అరగదా?"

"అరగదు. దాన్ని ఏ సూదీ తాకదు. వెలుతురు తాకుతాది అంతే. డిస్కు తిరుగుతాంటాది, కింద నుంచి లేజరు చూస్తాంటాది."

"తాకకుండా ఉత్త చూపుకే బొమ్మ వస్తాదా?"

"వస్తాది. బాగా చూసేది తెలిసుంటే."

ఆ తర్వాత ఒక్క పిట్టనూ తోలిన చప్పుడు లేదు. ప్రసన్నలక్ష్మి లేచి నిలబడి, "చిలకలొచ్చి గింజంతా తింటాండాయి, ఏం చేస్తాండారు పైన?" అని కేకేసింది. నిజానికి చేలో ఒక్క చిలకా లేదు.

వెన్నులు రంగు తిరిగే రోజుల్లో వాన పట్టింది. ఆదోని వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, చూస్తుండగానే చినుకులు చేటలతో చెరిగినట్టు పడ్డాయి. ప్రసన్నలక్ష్మికి ఉరుము కంటే ముందు పిడుగు పడిన మంచె కనిపించింది.

"దిగండి, దిగండి, మీకు దండం పెడతాను," అంటూ గొడుగు పట్టుకుని పరిగెత్తింది. గట్టు మీద జారింది. ప్రవీణ్ ఒక్క దూకున దిగి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గొడుగు తన చేతిలోకి తీసుకుని ఇంటిదాకా ఆమె తల మీదే పట్టాడు. తాను తడిశాడు, మనోజ్ఞను కూడా తడవనిచ్చాడు.

"నన్ను వానకు వదిలేసి మా అమ్మను కాపాడితివి. తెలివైనోడివేప్పా," అంది మనోజ్ఞ జడ పిండుకుంటూ.

"నువ్వు జారవు కదా."

"నేను జారేది నీకు కనపడితే కదా."

ప్రసన్నలక్ష్మి ఏమీ విననట్టు గొడుగు దులిపింది. ఆ రోజు అతనికి వేడివేడిగా బొరుగుల ఉగ్గాని చేసి పెట్టింది, బజ్జీలతో. జ్వరం వస్తే మన మీదికి వస్తుందని మొగుడికి చెప్పుకుంది.

* * *

కోత దగ్గరపడింది. గింజ గట్టిపడ్డాక పిట్టలు తోలే పని తగ్గింది. మనోజ్ఞ ఆకలి కూడా తగ్గింది. కంచంలో అన్నాన్ని అటూ ఇటూ జరిపి లేస్తోంది. ప్రసన్నలక్ష్మి కామెర్లు అనుకుంది, రక్తం తక్కువ అనుకుంది, బళ్ళారిలో పెద్ద డాక్టరు దాకా ఆలోచించింది.

"ఏమే, ఒంట్లో ఎట్లుంది?"

"బాగుంది. కారటగి వాళ్ళు ఎప్పుడు వస్తారంట?"

"కోత అయిన వారంలో. ఫోన్ చేసినారు."

"ఆ అబ్బాయికి చేలో దిగేది వస్తాదా?"

"మిల్లు పెట్టుకుని చేలోకి ఎందుకు దిగుతాడే?"

"అదే," అంది మనోజ్ఞ.

ప్రసన్నలక్ష్మి గొంతు తగ్గించింది. "మరి ఇతను ఏమన్నా అన్నాడా?"

"ఎవరు?"

"పళ్ళెం అబ్బాయి."

"ఏమంటాడు? డిస్కు కోసం వచ్చినాడు. కోత అయినాక డిస్కు తీసుకుంటాడు, పోతాడు."

"నువ్వేమన్నా అంటివా?"

"నేనెందుకంటాను? బేరంలో ఆ మాట ల్యాదు."

కూతురు కంచం తీసుకుని లోపలికి పోయింది. ప్రసన్నలక్ష్మి అక్కడే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె భయం ఒక్కటే, ఈ కుర్రాడు పిల్లను ఎత్తుకుపోతాడేమోనని. ఇప్పుడు దానికి తిరగబడిన భయం పుట్టింది. డిస్కును మాత్రం ఎత్తుకుపోయి పిల్లను వదిలేస్తే? వీడికి నోరు లేదు, దానికి పొగరు. ఇద్దరి మధ్యా ఆ పళ్ళెం ఒక్కటే దారి, అదీ తన బీరువాలో ఉంది. అది చేతిలో పెట్టిన రోజు అన్నీ అయిపోతాయి.

ఆ సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"నాయనా, కోత రేపటికి అయిపోతాది. డిస్కు ఇస్తాం. కానీ ఉత్తగా ఇయ్యము."

"చెప్పండమ్మా. ఏం కావాల?"

"అది ఆడుతుందో లేదో మేం చూడాల. ఇంతకాలం మా చేలో ఉండె. మీ మిషను ఇక్కడికే తీసుకురా. మీ నాయనను కూడా తీసుకురా."

"నాయన యాలమ్మా?"

అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి కాబట్టి ఆమెకు వెంటనే ఏమీ తోచలేదు. "మిషను బరువుంటుంది కదా. నీకు నడుం పట్టేస్తే?" అంది.

* * *

మిషను నిజంగానే బరువుంది. హంపన్న, ప్రవీణ్ చెరొక పక్క పట్టుకుని పంచలోకి తెచ్చారు. హంపన్న నుదుటి చెమట తుడుచుకుంటూ తలెత్తి చెన్నకేశవరావును చూశాడు. చెన్నకేశవరావు అతన్ని చూశాడు.

"చోరనూరు కాడ గనివాళ్ళ గెస్ట్‌హౌసు వేలంపాటలో..." అన్నాడు హంపన్న.

"మిషను పాడుకున్నది నువ్వేనా?"

"పళ్ళేలు ట్రాక్టరులో ఏసుకపొయినోడివి నువ్వేనా? నేను టీ తాగి వచ్చేలోపల పెట్టె మాయం చేస్తివి కదప్పా. పళ్ళేలు ల్యాని మిషను తీసుకపోయి ఇంట్లో పెడితే మా ఇంటామె దాని మీద గుడ్డలు మడిచి పెడ్తాండాది, అప్పట్నుంచి."

"నాకేం తెలుసు? చిన్నవాటికే పిచ్చుకలు బెదిరితే ఇంత పెద్దవాటికి కొంగలు కూడా బెదరాలి కదా అనుకున్నా. అన్నీ చేలోనే పగిలిపోయినాయి. అటక మీద మిగిలిన ఆఖరిది ఇది."

"విదేశాల నుంచి ఖనిజం కొనేకి వచ్చేవాళ్ళు చూసుకునే డిస్కును పిట్టలకు కట్టినావా?"

"పిట్టలు కూడా విదేశాల నుంచి వచ్చేవే," అన్నాడు చెన్నకేశవరావు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నారు.

ప్రసన్నలక్ష్మి చీరలోంచి డిస్కు తీసి ఇచ్చింది. ప్రవీణ్ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకుని మిషను నోట్లో పెట్టాడు. లోపల ఏదో గిర్రుమంది. టీవీలో గీతలు, బుస. అంతే.

ప్రసన్నలక్ష్మి మిషను దగ్గరికి జరిగింది. ఎండకు పోయిందన్నమాట. ఇక అతను హెల్మెట్ పెట్టుకుంటాడు, నమస్కారం పెడతాడు, పోతాడు.

"రెండో పక్క ఉండాది," అన్నాడు ప్రవీణ్. బయటికి తీసి, అట్టు తిప్పినట్టు తిప్పి మళ్ళీ పెట్టాడు.

ఈసారి బొమ్మ వచ్చింది. మిణుగురుల్లాంటి చుక్కలు అక్కడక్కడా మెరుస్తున్నా, రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఏదో చలిదేశం. మంచు. వంతెన మీద గొడుగేసుకుని ఒక అమ్మాయి నడుస్తోంది. సంగీతం మొదలైంది. తెర అడుగున తెలియని లిపి బారు తీరింది, ఒక్కో అక్షరం వరుసగా రంగు మారుతోంది. సంగీతం సాగుతూనే ఉంది, పాట మాత్రం రావడం లేదు.

"గొంతు పోయిందా? మా చేలోనే పోయిందా?" అంది ప్రసన్నలక్ష్మి.

"పోల్యాదమ్మా. దీంట్లో గొంతు పెట్టరు. ఇది పాడుకునే డిస్కు. వాయింపు అది వాయిస్తాది, పాట ఈడ కూర్చున్నోళ్ళు పాడుకోవాల. ఆ జాగా మనకే వదిలిపెట్టినారు."

అందరూ టీవీని చూశారు. మనోజ్ఞ మాత్రం గుమ్మానికి ఆనుకుని అతన్ని చూసింది.

"అయితే పాడు," అంది.

"నాకు పాట రాదు."

"మాట వస్తాదా?"

ప్రవీణ్ చెవులు ఎర్రబడ్డాయి. మిషను మీద చెయ్యి వేసి, టీవీలోని వంతెనతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"డిస్కు దొరికింది. రేపట్నుంచి నాకు హచ్చొళ్ళికి వచ్చే పని ల్యాదు. పోయిన వారం డ్యూటీలో కూర్చొని అదే ఆలోచన చేస్తాంటి. పని ల్యాకున్నా వచ్చేకి ఏం చెప్పాల్నా అని. ఏం తోచలేదు. ఉండేది ఉన్నట్టు చెప్తాండా. నాకు మనోజ్ఞ అంటే ఇష్టం. డిస్కు ల్యాకున్నా వచ్చేవాణ్ణి, మొదటి దినం తప్ప అన్ని దినాలూ."

సంగీతం ఒక చరణం దాటింది.

"మొదటి దినం?" అంది మనోజ్ఞ.

"మొదటి దినం డిస్కు కోసమే వస్తిని. అబద్ధం చెప్పను."

మనోజ్ఞ గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. "నా పొలం నేను వదలను. వారంలో సగం ఈడ, సగం ఆడ ఉంటా. గింజ పాలుపోసుకునేటప్పుడు నువ్వు సెలవు పెట్టాల."

"పెడతా."

"ఎవరూ అడగకుండా ఇద్దరే బేరం చేసుకుంటాండారేమప్పా," అన్నాడు హంపన్న మంచం మీద నుంచి.

"చూద్దాంలే," అన్నాడు చెన్నకేశవరావు. అని, భార్య వైపు చూశాడు. ఆయన చూడగానే అందరూ ఆమె వైపే చూశారు. కారటగికి ఫోన్ చేయవలసింది ఆమె. క్యాంపు వాళ్ళకు జవాబు చెప్పుకోవలసింది ఆమె.

ప్రసన్నలక్ష్మి భయాల కోసం వెతుక్కుంది. ఎప్పుడూ పిలవకుండా వచ్చేవి, ఈ పూట ఒక్కటీ సరైనది దొరకలేదు. క్యాంపు వాళ్ళు నాలుగు మాటలంటారు, అననీ. వాన రోజున మోచెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. తెర మీద గొడుగు అమ్మాయి వంతెన దాటేసింది. ఆమె పమిట సర్దుకుని హంపన్న వైపు తిరిగింది.

"అన్నా, మీ ఇల్లు కిందనా, మేడ మీదనా?"

హంపన్న తెల్లబోయాడు. "మేడ మీదమ్మా. కింద అంగడి."

"మెట్లకు పట్టుకునేకి కమ్మీ ఉందా?"

"కమ్మీ... ల్యాదు. మేం గోడ పట్టుకొని ఎక్కుతాం."

"వానాకాలం గోడ జారుతుంది. మా పిల్ల చూడకుండా దబదబా దిగుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే." ఆమె నడుము దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించింది. "కమ్మీ పెట్టించండి. ముహూర్తం లోపల."

సంగీతం ఆగిపోయింది. మనోజ్ఞ వచ్చి వెనక నుంచి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. ప్రవీణ్‌కు ఏం చేయాలో తెలియక, మిషనులోంచి డిస్కు తీసి, రెండు చేతులతో తిరిగి అత్తగారికే అందించాడు.